ఎర్రంచు మీద తెల్లగుడ్డ

మా మేనత్త నేసిన చీర రంగు దిగదు. అభిమానం కొద్దీ అంటున్న మాట కాదిది. మా ఇంట్లోంచి చీర గడప దాటాలంటే, కొనేవాళ్ళ కళ్ళెదురుగా అంచు చివర నీళ్ళలో తడపాలి, తెల్లగుడ్డ పెట్టి గట్టిగా పదిసార్లు రుద్దాలి, ఆ గుడ్డ తీసి వాళ్ళ చేతిలో పెట్టాలి. గుడ్డ తెల్లగా ఉంటేనే బేరం. అత్తయ్యకి వాళ్ళత్తగారు నేర్పిన పద్ధతి ఇది. నూలుకి రంగు వేసుకునేది కూడా అత్తయ్యే. జాడించిన నీళ్ళు తేటగా వచ్చేదాకా పెరట్లోంచి కదలదు. ఎదురుగా కూర్చున్నావిడ "అబ్బే, ఎందుకండీ, తవరి మీద నమ్మకమేనండీ" అన్నా వినదు. "నమ్మకం మీదండీ, పరీక్ష నాదండీ" అని రుద్ది చూపించేకే చీర మడత పెడుతుంది.

అమలాపురం నుంచి మా పేటకి ఆటోలో పావుగంట. నేను పెరిగిందంతా అత్తయ్య మగ్గం గుంట పక్కనే. మావయ్య పోయేక ఆవిడ ఒక్కతే నేస్తోంది. నాకు వీడియో కాల్ యాప్ తయారుచేసే ఓ చిన్న కంపెనీలో ఉద్యోగం. కంపెనీ హైదరాబాదులో ఉంది, నేను ఇక్కడే ఉండి పని చేస్తాను. నా టేబులు మగ్గం గదికి పక్క గదిలో వేసుకున్నాను. మొదటి మీటింగులో మా టీమ్ లీడ్ "మీ వెనకాల ఏదైనా కట్టుబడి జరుగుతోందా అండీ?" అని అడిగేరు. మగ్గం అండీ అన్నాను. అప్పట్నించీ ఆ చప్పుడు వినపడకపోతే ఏం, ఇవాళ కరెంటు లేదా అని అడుగుతారు. మగ్గానికీ కరెంటుకీ సంబంధం లేదని ఇప్పటికి పదిసార్లు చెప్పేను.

ఇప్పుడు కొనేవాళ్ళు ఇంటికి రావడం తగ్గింది. ఫోనులోనే చూస్తున్నారు. మగ్గం గుంజకి ఓ కర్ర కట్టి, దానికి ఫోను బిగించి, కాల్ ఎలా చెయ్యాలో అత్తయ్యకి నేర్పింది నేనే. మా కంపెనీ యాపే పెట్టేను. గల్ఫ్‌లో ఉన్న మన వైపు వాళ్ళంతా అదే వాడతారు, సిగ్నల్ ఎంత సన్నగా ఉన్నా బొమ్మ ఆగదని. కొనేవాళ్ళు ఎదురుగా లేరని అత్తయ్య తెల్లగుడ్డ మానలేదు. కెమెరా ముందు చెంబు పెట్టుకుని, తడిపి, రుద్ది, గుడ్డ ఎత్తి చూపిస్తుంది.

ఓ శుక్రవారం పొద్దున్న మస్కట్ నుంచి ఒకావిడ కాల్ చేసేరు. మలికిపురం ఆవిడ, అక్కడ వంటపని చేస్తారు. చెల్లెలి పెళ్ళికి ఆడపడుచులందరికీ ఒకే రకం చీరలు పెట్టాలని ఆవిడ కోరిక. ఆవిడ బావుందంటే ఆవిడ గదిలో ఉండేవాళ్ళూ కొంటారు, వాళ్ళ గ్రూపులో ఉన్నవాళ్ళూ కొంటారు. అత్తయ్య గంధం రంగు మీద ఎర్రంచు చీర తీసింది. ఆ రంగు కోసం వారం రోజులు పెరట్లో పడ్డ పాట్లు నాకు తెలుసు. కొంగు చూపించింది, చీర దులిపి బాడీ చూపించింది. తరవాత అంచు తడిపి, మావయ్య పాత పంచె చింపిన తెల్లగుడ్డతో రుద్దడం మొదలెట్టింది.

"చూసేరా అండీ?" అంది గుడ్డ ఎత్తి, మళ్ళీ రుద్దుతూ.

ఆవిడ తెరకి దగ్గరగా వంగేరు.

"ఆయ్, చూసేనండీ. గుడ్డకి అంటుకుందండీ."

"ఏమంటుకుందండీ?"

"ఎరుపండీ."

అత్తయ్య గుడ్డ వంక చూసుకుంది. మల్లెపువ్వులా ఉంది. "లేదండీ, తెల్లగానే ఉందండీ" అని కెమెరాకి దగ్గరగా పెట్టి ఊపింది. "ఏమోనండీ, నాకైతే ఎర్రగానే కనపడుతోందండీ. ఇదిగో ఫొటో తీసి పంపిస్తున్నానండీ, తవరే చూడండి" అన్నారావిడ. ఎంత మర్యాదగా అన్నారంటే, తిట్టినా అంత బాధపడేది కాదు అత్తయ్య.

ఫొటో వచ్చింది. అందులో ఉన్నది అత్తయ్య చెయ్యే, అత్తయ్య గాజులే, అత్తయ్య ఎర్రంచే. రుద్దుతున్న గుడ్డ మాత్రం సగానికి సగం ఎర్రగా ఉంది. మన ఫోనులో మన బొమ్మ ఎప్పుడూ శుభ్రంగానే కనపడుతుంది, నలిగేది అవతలికి వెళ్ళేదే. అందుకే ఆవిడ చూసింది మాకు కనపడలేదు.

నేను అప్పటికే లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని రెంటినీ మార్చి మార్చి చూస్తోంది. "నా చేతిలో గుడ్డేమో తెల్లగా ఉంది. నా ఫొటోలో గుడ్డేమో ఎర్రగా ఉంది. ఇప్పుడు నేనేం చెప్పాలే?" అంది.

సాయంత్రానికి ఆ ఫొటో గ్రూపంతా తిరిగేసింది. "ఎర్రంచు చీరలు రంగు దిగుతున్నాయట" అని ఒకరు, "నిప్పు లేందే పొగ రాదు కదండీ" అని ఇంకొకరు. కొంటామని మాటిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వద్దులెండి అన్నారు. అత్తయ్య ఫోను బోర్లా పెట్టేసింది. లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి మగ్గం దూలం మీద పెట్టింది.

ఆ కత్తెర సంగతి చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు చివరి పోగులు తెంపెయ్యరు. పోగుల్ని వరసలో పట్టి ఉంచే దువ్వెనలాంటి అచ్చులో అలాగే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకి కొత్త పోగు కొస పెట్టి ఒక్కొక్కటే అతుకుతారు. మావయ్య మగ్గం దిగేటప్పటి పోగులకి అతికిన పోగులకి అతికిన పోగులే ఇప్పుడున్నవి. అవి కోసేస్తే మగ్గం విప్పేసినట్టే లెక్క.

"ఇంకా నాలుగు చీరల పడుగుంది. నేసేసి కోసేస్తాను" అంది అత్తయ్య. "తెల్లగుడ్డ చూపించి బతికేనే ఇన్నాళ్ళూ. ఆ గుడ్డే నా మాట వినకపోతే ఇంకెందుకు?"

నేను వెళ్ళి నా గదిలో కూర్చుని ఫొటో పెద్దది చేసి చూసేను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చూడకముందే నాకు అనుమానం. మరక చుట్టూ అంచులు చదరంగా ఉన్నాయి, గళ్ళు గళ్ళుగా. నీళ్ళ మరకైనా రంగు మరకైనా ఏనాడైనా చదరంగా ఉంటుందా? అది చీర పని కాదు. అది నా పని.

వీడియో అంటే సెకనుకి పాతికో ముప్పయ్యో బొమ్మలు. ఉన్నవి ఉన్నట్టు పంపితే మస్కట్ చేరేసరికి తెల్లారిపోతుంది. అందుకని బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ప్రతి గడిలో ముందు వెలుగునీడలు పంపుతాం. మనిషి కంటికి వెలుగు మీద ఉన్నంత పట్టు రంగు మీద లేదు, కాబట్టి రంగు దగ్గర పిసినారితనం చేస్తాం. వెలుగు చూసి రంగు ఊహించుకోమని అవతలి ఫోనుకి చెప్తాం. పక్క గళ్ళలో ఇంత వెలుగుకి ఇంత రంగు ఉంది కాబట్టి ఈ గడిలోనూ అంతే ఉంటుందని లెక్క. ఊహ తప్పితే, ఎంత తప్పిందో ఆ కాస్తా దిద్దుబాటు పంపుతాం. సిగ్నల్ సన్నబడినప్పుడు ఆ దిద్దుబాటుకి చోటుండదు, ఊహే మిగులుతుంది. గోడ పక్కన గోడే ఉన్నప్పుడు ఏ గొడవా లేదు. ఎర్రంచు మీద జోరుగా కదిలే తెల్లగుడ్డకి పక్కనున్నది ఎరుపు. పక్కవాడు ఎరుపు కాబట్టి నువ్వూ ఎరుపే అని గుడ్డకి రంగు పూసేసింది ఆ లెక్క. ఆ లెక్క రాసింది నేను. దానికి కంపెనీలో నాకు మెచ్చుకోళ్ళు కూడా వచ్చేయి.

అత్తయ్యతో ఈ మాట చెప్పలేదు. "ఫోనులో ఏదో లోపం అత్తయ్యా, నేను బాగు చేయిస్తాను" అన్నాను. చేయిస్తానట! సిగ్గులేకపోతే సరి. నాలుగు చీరలంటే ఆవిడ చేతికి ఇంచుమించు నెల. కత్తెర ఆ పోగుల మీద పడేలోపు ఆ గుడ్డని తెరమీద తెల్లగా చూపించి తీరాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మర్నాడు టీమ్ లీడ్‌కి ఫొటో చూపించేను. ఆయన మంచివారే గానీ మహా లెక్క మనిషి. "చూడండీ, ఎర్ర గుడ్డ మీద తెల్లగుడ్డ రుద్దేవాళ్ళు మన యాప్‌లో ఎంతమంది ఉంటారండీ?" అన్నారు.

"ఒక్కరు చాలండీ" అన్నాను. గొంతు కాస్త పెరిగింది గాబోలు, ఆయన కళ్ళజోడు తీసి చూసేరు.

సరే, రెండు షరతులు పెట్టేరు. పంపే డేటా పెరగకూడదు, పాత ఫోన్లు వేడెక్కకూడదు. నెలాఖరుకి కొత్త వెర్షన్ బయటికి వెళ్తుంది, దాని పరీక్షలు అంతకి వారం ముందే మొదలవుతాయి. ఆ పరీక్షల్లోకైనా మీ మార్పు అందితే అందినట్టు, లేకపోతే వదిలెయ్యమన్నారు. ఆయ్ అన్నాను.

దారి దొరికింది నా కంప్యూటర్లో కాదు. వారం పైనే తల బద్దలుకొట్టుకుని, విసుగొచ్చి మగ్గం గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. అత్తయ్య రెండో చీర మొదలెట్టింది. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతోంది. చీర కొన తడిపి తనకోసం తనే గుడ్డతో రుద్దుకుంది. కొనేవాళ్ళు లేకపోయినా, అలవాటు. రుద్దేక గుడ్డని ఎర్రంచు పక్కన పెట్టి చూళ్ళేదు. గుడ్డని సగానికి మడిచి ఉంచుకుంది కదా, రుద్దిన సగాన్ని రుద్దని సగం పక్కన పెట్టి చూసుకుంది.

"అలా ఎందుకు చూస్తున్నావత్తయ్యా?"

"ఎర్రటి దాని పక్కన పెడితే ఏదైనా ఎర్రగానే అనిపిస్తుందే, వెర్రిమొహమా. గుడ్డ మారిందో లేదో తెలియాలంటే ఇందాక గుడ్డ ఎలా ఉందో దాంతో పోల్చాలి."

నేను ఒక్క గంతు వేసేను. అత్తయ్య అదిరిపడి నాడె వదిలేసింది. "దెయ్యం పట్టిందేంటే దీనికి!"

గడి ఎటునుంచి కదిలి వచ్చిందో మాకు తెలుసు. ఆ కదలిక సమాచారం ప్రతి గడితోనూ ఎటూ పంపుతూనే ఉన్నాం, బొమ్మ ఆకారం అల్లుకోవడానికి. రంగు ఊహించేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పడేసి చుట్టుపక్కల వాళ్ళని అడుగుతున్నాను. ఇంటి మనిషిని వదిలేసి ఇరుగుపొరుగుని అడిగినట్టు! ఈ గడి కిందటి బొమ్మలో ఎక్కడుందో అక్కడికి వెళ్ళి, అక్కడి రంగే తెచ్చుకుంటే సరి. డేటా ఒక్క పిసరు పెరగదు.

నాలుగు రోజుల్లో రాసేసేను. మగ్గం గుంజకి ఉన్న ఫోను నుంచి నా గదిలో ఫోనుకి కాల్ పెట్టి, సిగ్నల్‌ని కావాలని మస్కట్ అంత సన్నగా నొక్కేసి, అత్తయ్యని బతిమాలేను. ముక్కుతూ మూలుగుతూ రుద్దింది. నా ఫోనులో గుడ్డ తెల్లగా ఉంది. ఎంత జోరుగా రుద్దినా తెల్లగానే ఉంది. నేను ఫోను పట్టుకుని మగ్గం గదిలోకి పరిగెత్తేను. "చూడు! చూడత్తయ్యా!"

చూసింది. "ఉండు" అని లోపలికి వెళ్ళి ఎర్ర తువ్వాలు ఒకటి పట్టుకొచ్చింది. అంబాజీపేట వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన కొన్నది, ఉతికిన ప్రతిసారీ బకెట్టు నీళ్ళు రక్తంలా అయిపోతాయని తిడుతూ ఉంటుంది దాన్ని. చెంబులో ముంచి, గుడ్డతో నాలుగు రుద్దులు రుద్దింది. ఆవిడ చేతిలో తెల్లగుడ్డ ఎర్రగా అయిపోయింది. నా ఫోనులో మాత్రం తెల్లగానే ఉంది. కిందటి బొమ్మలో తెలుపు, కాబట్టి ఈ బొమ్మలోనూ తెలుపు. తెచ్చుకోమన్న రంగే తెచ్చుకుంటోంది పాపం.

అత్తయ్య మొహం చూడలేకపోయేను.

"మొన్న తెల్లగుడ్డని ఎర్రగా చూపించి నన్ను దొంగంది మీ ఫోను. ఇవాళ ఎర్రగుడ్డని తెల్లగా చూపిస్తోంది. ఇది పెట్టుకుని చీరలమ్మితే నేను నిజంగానే దొంగనవుతాను కదే! ఎవరే ఈ బుద్ధిలేని పని చేసింది?"

"నేనే అత్తయ్యా."

"ఇదా?"

"ఇదీ నేనే. మొన్నటిదీ నేనే. ఆ రంగు ఊహించే ముక్క మొదట్నించీ నేను రాసిందే."

అత్తయ్య తడి తువ్వాలు చెంబులో పడేసింది. చేతులు తుడుచుకుంది. నాలుగు చివాట్లు పెడుతుందనుకుని తల దించుకున్నాను. పెట్టింది, కానీ నేననుకున్నదానికి కాదు.

"పోగు తెగడం తప్పు కాదే. ఎవరి చేతిలోనైనా తెగుతుంది. తెగిన చోటే మగ్గం ఆపి అతకాలి. తెగింది దాచి నేస్తూ పోతే చీర పొడుగునా గీత పడుతుంది, ఎంత ముందుకెళ్తే అంత పొడుగు గీత. రెండు వారాలైంది. ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని తిన్నావు, ఒక్క మాట చెప్పలేకపోయేవా?"

అప్పుడేడ్చేను. ఓదార్చలేదు. "ఏడుపు తరవాత. ముందా తెగిన చోటు చూడు" అని గుంటలోకి దిగిపోయింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. కిందటి చోటుని నమ్మాలి, గుడ్డిగా నమ్మకూడదు. ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు మానాలో ఫోనుకి ఎలా తెలియాలి? రోజూ పొద్దున్నే కాఫీ తాగి మగ్గం గదిలో తువ్వాలూ చీరా రెండూ పట్టుకుని నేనే రుద్దుకుని వీడియోలు తీసేదాన్ని. చేతులు నాని ముడతలు పడిపోయేయి. వీధిలో వాళ్ళు ఈ పిల్ల ఉద్యోగం మానేసి బట్టలుతుకుతోందేంటని అడిగేరట.

ఆ వీడియోలు ఒక్కొక్క బొమ్మగా ఆపి చూస్తే ఒక సంగతి తేలింది. రంగు అంటిన చోట గుడ్డ ఎర్రబడడమే కాదు, నల్లబడుతోంది కూడా, అంటే వెలుగు తగ్గుతోంది. వెలుగు మాత్రం మేము ఎప్పుడూ ముందే, పూర్తిగా పంపుతాం. అదే పట్టుకున్నాను. గడి ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడి వెలుగునీ, ఇప్పటి వెలుగునీ పోల్చాలి. రెండూ సరిపోతే, పాత చోట వెలుగుకీ రంగుకీ ఏ పొత్తు ఉందో ఆ పొత్తుని ఇక్కడికి తెచ్చుకోవచ్చు. ఉత్త రంగు కాదు, పొత్తు. చీర దులిపినప్పుడు మడత మీద వెలుగు కొంచెం అటూ ఇటూ అయినా అప్పుడు రంగు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. వెలుగు బాగా మారిపోతే మాత్రం అక్కడేదో కొత్తగా జరిగిందని అర్థం. అప్పుడు ఊహ కట్టిపెట్టి అసలు రంగు పంపాలి. మిగతా గళ్ళలో ఊహ సరిగ్గా కుదిరినందువల్ల దిద్దుబాట్లు తగ్గుతాయి కదా, ఆ మిగిలిన చోటు ఇక్కడ ఖర్చు పెట్టొచ్చు.

చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి పెట్టినప్పుడు అత్తయ్య పాత ఫోను అట్లపెనంలా వేడెక్కిపోయింది. గడిలో ప్రతి చుక్కనీ పోల్చడం మానేసి నాలుగు చుక్కలే తీసుకున్నాను. వేడి తగ్గింది గానీ గుడ్డ చివర్లు మళ్ళీ గులాబీరంగుకి తిరిగేయి. నాలుగు చుక్కలూ మూలల్లోంచి తీస్తున్నానని, అక్కడే ఎరుపు కలుస్తోందని కనుక్కోడానికి మూడు రోజులు పట్టింది. లోపలికి జరిపేను. ఈలోగా మూడో చీర అయిపోయింది. అత్తయ్య మడిచి బీరువాలో పెట్టి, నాలుగోదానికి నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టుకోవడం మొదలెట్టింది. దూలం మీద కత్తెర అలాగే ఉంది. రోజూ దాని వంక చూసి నా గదిలోకి వచ్చేదాన్ని.

పరీక్షలు మొదలయ్యే ముందురోజు టీమ్ లీడ్‌కి రెండు వీడియోలు పంపేను. ఒకదాంట్లో తెల్లగుడ్డ తెల్లగా ఉంటుంది, రెండోదాంట్లో ఎర్రబడుతుంది. డేటా ఒక్క రవ్వ తగ్గింది కూడా. ఆయన రెండూ మళ్ళీ మొదట్నించీ చూసేరు.

"మా అమ్మగారితో మాట్లాడుతుంటే ఆవిడ తల ఊపినప్పుడల్లా కుంకుమ బొట్టు నుదురంతా పాకుతుందండీ. సిగ్నల్ అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది కూడా ఇదేనా అండీ?" అన్నారు చివరికి.

"ఇదేనండీ."

"పెట్టెయ్యండి" అన్నారు.

మార్పు పరీక్షల్లోకి వెళ్ళింది. అది బయటి ఫోన్లకి చేరడానికి ఇంకా వారం. యాప్ బాగుపడింది సరే, చీర మీద పడ్డ నింద ఎవరు తుడుస్తారు? అత్తయ్య మస్కట్‌కి తనంతట తను కాల్ చెయ్యనంది. "నేను బతిమాలను. తప్పు చేసినవాళ్ళు బతిమాలుకుంటారు" అంది. అక్షరాలా నిజమే కాబట్టి నేనే చేసేను.

"తప్పు చీరది కాదండీ, నాదండీ. ఆ యాప్‌లో రంగుని ఊహించే పని నాదండీ" అని అంతా చెప్పేను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. "అయ్యో, చదువుకున్న పిల్లవి కదమ్మా. మీ అత్తగారి మీద ప్రేమ కొద్దీ నీమీద వేసుకుంటున్నావేమో" అన్నారు. పిల్లికి ఎలక సాక్ష్యం అనలేదు గానీ, అర్థం అదే. నాకు తిక్కరేగింది. "ప్రేమ కాదండీ, నిజమండీ. కొత్త వెర్షన్ వచ్చేక ఒక్కసారి చూడండి. అంటుకుందనిపిస్తే ఇంకెప్పుడూ మిమ్మల్ని అడగనండీ" అన్నాను. వచ్చే శుక్రవారం సెలవు, అప్పుడు చేస్తానన్నారు.

గురువారం సాయంత్రం నాలుగో చీర అయిపోయింది. అత్తయ్య చీర కోసి తీసేసింది. అచ్చులోంచి మూరెడు పొడుగున పాత పోగులు వేలాడుతూ మిగిలేయి. కత్తెర చేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే నిలబడి, "రేపు మాటయ్యేక" అని మళ్ళీ దూలం మీద పెట్టింది.

శుక్రవారం పొద్దున్నే ఫోను మోగింది. ఈసారి తెరలో మస్కట్ ఆవిడ ఒక్కరే కాదు, వెనకాల ఇంకో ముగ్గురున్నారు. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది, మొహంలో నవ్వు లేదు. నమస్కారాలయ్యేయి. ఆ రోజు చూపించిన చీరే తీసింది. తడిపింది. మావయ్య పంచె ముక్కతో రుద్దింది. ఎంత గట్టిగా రుద్దిందంటే గాజులు గలగలలాడేయి. నేను కెమెరాకి కనపడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"చెప్పండి" అంది అత్తయ్య.

"తెల్లగానే ఉందండీ" అన్నారావిడ. వెనకాల వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "కానీ అమ్మా, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయే బాగు చేసిందంటున్నారు కదండీ. ఇంకనుంచి ఏది రుద్దినా తెల్లగానే చూపిస్తుందేమోనండీ?"

నేను గోడకి ఇంకా అంటుకుపోయేను. అత్తయ్య మాత్రం నెల రోజుల తరవాత మొదటిసారి నవ్వింది.

"అదీ మాట! నేనూ అదే అడిగేనండీ దీన్ని" అంది. ఎర్ర తువ్వాలు తీసి చెంబులో ముంచింది. మందంగా మడత పెట్టిన అదే తెల్లగుడ్డ తిరగేసి, రెండోవైపు పెట్టి రుద్దింది. ఒకటి, రెండు, మూడు. అవతల నుంచి "అమ్మో!" అని ఎవరో అన్నారు.

"అంటుకుందండీ" అన్నారు మస్కట్ ఆవిడ. "ఆయ్. ఇదైతే బాగా అంటుకుందండీ."

అత్తయ్య గుడ్డ ఎత్తి కెమెరా ముందు అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. ఊపుతూనే ఉంది, రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయని వాళ్ళు చెప్తూనే ఉన్నారు. మస్కట్ ఆవిడ తల దించుకుని, "రెండోవైపు చూసేకే నమ్మకం కుదిరిందండీ. ఆ రోజు గ్రూపులో ఫొటో పెట్టింది నేనేనండీ. ఈ గుడ్డ ఫొటో కూడా నేనే పెడతానండీ, రెండువైపులా. నా నోటితో అన్న మాట నేనే దిద్దుకోవాలి కదండీ" అన్నారు.

"దానికేవుందండీ, మీ కంటికి కనపడిందే మీరన్నారు" అంది అత్తయ్య. "చీరలు ఎప్పటికి కావాలండీ?"

మాటయ్యేక ఫోను కర్ర మీంచి తీసి నా చేతికిచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేయి. ఆవిడ పట్టించుకోలేదు. లోపల్నించి కొత్త పడుగు మోసుకొచ్చింది. ఎప్పుడు తయారుచేసి పెట్టుకుందో నాకు తెలియనే తెలియదు. దాన్ని మగ్గం వెనకాల పరిచి, గుంట అంచున కూర్చుని, పోగు జారకుండా వేళ్ళకి బూడిద రాసుకుని, వేలాడుతున్న పాత పోగుల్లోంచి మొదటి పోగు కొస వెతికి పట్టుకుంది.

"ఏడుపు అయిందా?" అంది తలెత్తకుండా.

"అయింది."

"అయితే ఆ కత్తెర తీసి లోపల పెట్టెయ్యవే కోడలా. చేతికి అడ్డం."